పాత అంబాసిడర్ హెడ్‌లైట్లకు రిలే పెట్టుకునుడు ఎట్ల

మా నాయన అంబాసిడర్‌ల రాత్రి నల్లగొండ నుంచి దేవరకొండ పోతుంటే లైట్లు గుడ్డిదీపం లెక్కుంటుండె, బల్బు మారిస్తే అయిపోతది అనుకోకుండ్రి, లోపం వైరింగ్‌ల ఉంటది. పాత స్విచ్చు, సన్న వైర్లల్లకెళ్లి పోయేసరికి బల్బు కాడికి 12 వోల్టులు పూర్తిగ రావు.

7 ఇంచుల గుండ్రటి హెచ్4 (హై, లో రెండూ ఒకే బల్బుల ఉండే రకం) లైట్లు తెచ్చుకోండ్రి, 60/55 వాట్ల బల్బు చాలు, 100ది పెడితే హోల్డర్ కరుగుతది. హై బీమ్‌కు ఒకటి, లో బీమ్‌కు ఒకటి రిలే పెట్టాలె; రిలే అంటే పాత స్విచ్చు కొంచెం కరెంటుతోటే నడిపే ఇంకో స్విచ్చు, దాంతోటి బల్బుకు కరెంటు బ్యాటరీ నుంచి సీదా వస్తది. ముందుగాల బ్యాటరీ వైరు తీసెయ్యాలె. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదికెళ్లి రిలే మీద 30 అని రాసున్న పిన్నుకు, 87 నుంచి బల్బుకు, పాత లైటు వైరు 86కి, 85 బాడీకి ఎర్తు. ఎర్తు కాడ పెయింటు గీకి ఇనుము తళతళ మెరిసేదాక రుద్దుండ్రి, నేను గీకకుంటే వారంలనే మినుకుమినుకు షురూ అయింది.

ఆఖరికి గోడకు ఎదురుంగ బండి పెట్టి లో బీమ్ జర కిందికి పడేటట్టు స్క్రూలు తిప్పుండ్రి, ఎదురొచ్చే బైకోళ్ల కండ్లల్ల కొట్టొద్దు.