పాత లాప్‌టాప్‌లో ర్యామ్ పెంచుదాం – మూడో పాఠం: లేబుల్ చదవడం

కిందటి పాఠంలో టాస్క్ మేనేజర్ తెరిచి, రోజూ చేసుకునే పనిలో మెమరీ (ర్యామ్) ఎంత నిండుతోందో చూశాం. మాటిమాటికీ 90 శాతం దాటుతుంటే ర్యామ్ పెంచడం మంచి ఆలోచనే. 50 దగ్గరే ఆగిపోతుంటే మాత్రం దీని మీద డబ్బు పెట్టకండి. అలాంటప్పుడు లాప్‌టాప్ నత్తనడకకు చాలాసార్లు పాత హార్డ్ డిస్కే కారణం.

కొనేముందు ఇంకొకటి చూసుకోవాలి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్. మీ విండోస్ 32 బిట్‌దా, 64 బిట్‌దా అన్నది అక్కడ రాసి ఉంటుంది. 32 బిట్ విండోస్ 4 జీబీకి మించి వాడుకోలేదు. ప్రాసెసర్ 64 బిట్‌దైతే ముందు విండోస్ మార్చుకుని, ఆ తర్వాత ర్యామ్ సంగతి చూడండి.

ఇక లాప్‌టాప్ అడుగున ఉన్న మూత తీద్దాం. లాప్‌టాప్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, చార్జర్ పీకి, బ్యాటరీ ఊడదీయండి. బ్యాటరీ లోపలే ఉండే మోడల్ అయితే, మూత తీశాక ముందుగా దాని కనెక్టర్ విప్పండి. తర్వాత పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. పెయింట్ లేని లోహాన్ని దేన్నైనా ఒకసారి ముట్టుకోండి. ఒంట్లోని స్టాటిక్ చార్జ్ మనకు తెలియకుండానే చిప్పును పాడుచేయగలదు.

ర్యామ్ చిప్పులున్న చిన్న పలకనే స్టిక్ అంటారు. దానికి రెండు పక్కలా ఉన్న క్లిప్పులను బొటనవేళ్లతో బయటికి నెట్టగానే స్టిక్ వాలుగా పైకి లేస్తుంది. అంచులు పట్టుకుని అదే వాలులో లాగండి. బంగారు రంగు పళ్లకు వేలు తగలనివ్వకండి.

ఇప్పుడు లేబుల్. దాని మీద ఇలాంటి వరుస కనిపిస్తుంది: 4జీబీ 1ఆర్‌ఎక్స్8 పీసీ3ఎల్-12800ఎస్.

4జీబీ అంటే తెలిసిందే. 1ఆర్‌ఎక్స్8 అన్నది స్టిక్ మీద చిప్పుల అమరిక. పీసీ3 అంటే డీడీఆర్3 అనే ర్యామ్ రకం. పీసీ4 ఉంటే డీడీఆర్4. ఇవి ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి పట్టవు. లాప్‌టాప్ స్టిక్కుల్లో డీడీఆర్3కి 204 పిన్‌లు, డీడీఆర్4కి 260. మధ్యలో గాడి ఉండే చోటూ వేరే.

12800 అన్నది సెకనుకు ఎన్ని మెగాబైట్లు పంపగలదో చెప్పే అంకె. 8తో భాగిస్తే 1600 వస్తుంది. షాపులో అడిగే స్పీడు అదే. పీసీ4 లేబుళ్ల మీద చాలావరకు 2400 అని స్పీడే నేరుగా ఉంటుంది. చివరి ఎస్ అంటే లాప్‌టాప్‌లో పట్టే చిన్న సైజు.

అందరూ చూడకుండా వదిలేసేది మధ్యలోని 'ఎల్'. అది ఉంటే స్టిక్ 1.35 వోల్టులతో నడుస్తుంది. లేకపోతే 1.5 వోల్టులు కావాలి. ఎల్ ఉన్న స్టిక్ 1.5 వోల్టుల మీద కూడా పనిచేస్తుంది, ఎల్ లేనిది 1.35 మీద పనిచేయదు. ఇంటెల్ నాలుగో తరం లో-పవర్ ప్రాసెసర్లున్న లాప్‌టాప్‌లకు ఎల్ రకమే కావాలి. కాబట్టి డీడీఆర్3 కొనేటప్పుడు ఎల్ ఉన్నదే అడిగి తీసుకోండి.

బ్రాండు కూడా కలవాలని చాలామంది టెన్షన్ పడతారు. అంత అవసరం లేదు. స్పీడులో తేడా ఉంటే రెండూ తక్కువ దాని స్పీడుకు దిగి నడుస్తాయి, అంతే. రెండు స్లాట్‌లుంటే రెండింట్లోనూ ఒకే సైజు పెట్టడం మేలు. అప్పుడు మెమరీ డ్యూయల్ చానల్‌లో, అంటే రెండు స్టిక్కులూ ఒకేసారి పనిచేసేలా నడుస్తుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లు బొమ్మలకు కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటాయి కాబట్టి వాటిలో తేడా బాగా తెలుస్తుంది. మొత్తం ఎంతవరకు పెంచవచ్చో మీ మోడల్ మాన్యువల్‌లో చూడండి.

ఈసారికి మీ పని: లేబుల్‌ను ఫోన్‌తో ఫొటో తీసి, సైజు, రకం, ఎల్ ఉందో లేదో, స్పీడు ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత పాత స్టిక్‌నే మళ్లీ పెట్టండి. గాడి సరిచూసుకుని, బంగారు పళ్లు దాదాపు కనబడకుండా పోయేదాకా వాలుగా తోసి, కిందికి నొక్కితే రెండు క్లిప్పులూ టక్కుమని పడతాయి. బ్యాటరీ పెట్టి ఆన్ చేయండి. తెర నల్లగానే ఉండిపోతే స్టిక్ సరిగా కూర్చోలేదన్నమాట. మళ్లీ కరెంటు తీసేసి, ఇంకోసారి తీసి పెట్టండి. కొత్త స్టిక్ పెట్టి పరీక్షించడం వచ్చే పాఠంలో.