పాత అంబాసిడర్‌లో కొత్త రేడియో: వైరు ముట్టుకునే ముందు

పాత కారులో రేడియో మార్చేటప్పుడు ఏదైనా తేడా వస్తే పోయేది రేడియో ఒక్కటే అనుకుంటాం. రేడియో పోతే పోయింది, ఇంకొకటి కొనుక్కోవచ్చు. డ్యాష్‌బోర్డ్ వెనక వైర్ల కట్ట అంటుకుంటే మాత్రం నెలల తరబడి బండి షెడ్డులోనే. అందుకే ఈ పనిలో సగం జాగ్రత్తలు రేడియోను అట్టపెట్టెలోంచి తీయకముందే తీసుకోవాలి. మా ఇంట్లో ఉన్నది అంబాసిడర్ కాబట్టి దాని గురించే రాస్తున్నాను. పద్మినీ, హెరాల్డ్ కార్లు ఉన్నవాళ్లకూ చాలావరకు ఇవే పనికొస్తాయి.

ముందు బానెట్ ఎత్తండి. బ్యాటరీ నుంచి ఒక లావుపాటి కేబుల్ నేరుగా బాడీకి బిగించి ఉంటుంది. అది ఏ టెర్మినల్ నుంచి వచ్చిందో చూడండి. నెగటివ్ నుంచి అయితే సరే. పాజిటివ్ నుంచి అయితే పని అక్కడే ఆపండి. అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండ్ బండి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. ఆ కాలపు బ్రిటిష్ బండ్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్తే (బ్యాటరీ పాజిటివ్‌ను బాడీకి కలిపే పద్ధతి) ఉండేది. ఆర్‌సీలో ఉన్న సంవత్సరం చూసి మాత్రం ఏదీ తేల్చుకోకండి. ఇన్నేళ్లలో ఎంతమంది మెకానిక్‌ల చేతులు పడ్డాయో, ఎవరు ఏది మార్చారో ఎవరికి తెలుసు? కేబుల్ చూసే తేల్చుకోవాలి.

ఇప్పుడు దొరికే రేడియోలు దాదాపు అన్నీ నెగటివ్ ఎర్త్‌వే. "ఎరుపు, నలుపు తిప్పి కలిపేస్తే సరిపోతుంది సార్" అనేవాళ్లు తప్పకుండా ఎదురవుతారు. వినకండి. రేడియో డబ్బా నెగటివ్, దాన్ని బిగించే ఇనుప పట్టీ నెగటివ్, ఏరియల్ (యాంటెన్నా) వైరు చుట్టూ ఉండే అల్లిక కూడా నెగటివే. పాజిటివ్ ఎర్త్ బండిలో వీటిలో ఏది బాడీకి తగిలినా షార్టే. నన్నడిగితే బండినే నెగటివ్ ఎర్త్‌కు మార్పించుకోవడం మేలు. అయితే బ్యాటరీ తిప్పి పెట్టడంతో ఆ పని అయిపోదు. బ్యాటరీని చార్జ్ చేసే డైనమోను కొత్తగా పోలరైజ్ చేయాలి, అంటే దాని పాజిటివ్, నెగటివ్ మార్చాలి, ఇంజన్‌కు స్పార్క్ ఇచ్చే కాయిల్ మీద రెండు వైర్లూ తారుమారు చేయాలి, అమీటర్ ఉంటే దాని వైర్లు కూడా. డైనమోల కాలంలో పనిచేసిన పెద్దాయన ఎవరైనా దొరికితే వాళ్లకే అప్పగించండి.

పాత విల్లీస్ జీపు లాంటివైతే వోల్టేజీ కూడా చూసుకోవాలి, అవి 6 వోల్టులవి కావచ్చు.

బ్యాటరీ, ఫ్యూజు

బ్యాటరీ విప్పేటప్పుడు ఎర్త్ కేబుల్ ముందు తీయాలి, పని అయ్యాక దాన్నే చివర పెట్టాలి. రెండో టెర్మినల్ ముందు విప్పారనుకోండి, స్పానర్ రెండో కొస బాడీకి తగిలితే చాలు, వెల్డింగ్ షాపే. ఉంగరం, వాచీ తీసి జేబులో వేసుకోండి. మెడలో గొలుసు ఉంటే అదీ.

నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడేది ఫ్యూజు విషయంలో. ఈ పాత బ్రిటిష్ పద్ధతి బండ్లలో తరచూ రెండే గాజు ఫ్యూజులు ఉంటాయి, మీద 35 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. బండి మొత్తానికి ఇంచుమించు అంతే రక్షణ. రేడియోతో వచ్చే సన్నటి వైరును తీసుకెళ్లి ఆ ఫ్యూజు దగ్గర కలిపితే, షార్ట్ అయినప్పుడు ఫ్యూజు కొట్టేసే లోపే వైరు ఎర్రగా కాలిపోతుంది. కాబట్టి రేడియోకు విడిగా లైను లాగండి. 10 ఆంపియర్ల ఫ్యూజు, లేదా రేడియో పుస్తకంలో ఎంత రాసి ఉంటే అంత, బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టండి. డ్యాష్‌బోర్డ్ కింద పెడితే ఇంజన్ పక్కనుంచి వచ్చే వైరుకు రక్షణ లేనట్టే. ఇనుప రేకులో రంధ్రం గుండా వైరు పోయే ప్రతిచోటా రబ్బరు బుష్ వేయాలి. ఆ అంచులు బ్లేడులా ఉంటాయి.

పాత వైర్లను మరీ కదపకండి. మా బండిలో ఒక వైరును కొంచెం వంచితే చాలు, పైతొడుగు బిస్కెట్‌లా పెళుసుగా విరిగి రాలింది, లోపల రాగి నల్లబడి ఉంది. అలాంటిది కనిపిస్తే టేపు చుట్టి ఊరుకోకుండా ఆ ముక్క మొత్తం మార్చాల్సిందే. టేపు ఎండకు జిగురు కారి మే నెలకల్లా ఊడిపోతుంది.

ఎర్ర వైరు, పసుపు వైరు

పసుపు వైరుకు ఎప్పుడూ కరెంటు ఉండాలి, రేడియో గుర్తుపెట్టుకున్న స్టేషన్లు దానివల్లే నిలుస్తాయి. ఎరుపు తాళంతో ఆన్ అయ్యేది. నలుపు ఎర్త్. పసుపు, ఎరుపు తారుమారైతే తాళం తీసిన ప్రతిసారీ స్టేషన్లన్నీ మళ్లీ వెతుక్కోవాలి.

పాత బండి తాళానికి రేడియో కోసం వేరే పొజిషన్ ఉండకపోవచ్చు. అప్పుడు ఎరుపును ఇగ్నిషన్ లైనులో కలిపేస్తారు. అక్కడే ప్రమాదం. ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి చెట్టుకింద పాటలు వింటూ కూర్చుంటే, డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు (కాయిల్ కరెంటును కలుపుతూ తెంపుతూ ఉండేవి) మూసుకుని ఉన్న చోట ఇంజన్ ఆగి ఉంటే కాయిల్‌లో కరెంటు ఆగకుండా పోతూనే ఉంటుంది. కాయిల్ వేడెక్కి పోతుంది. ఎరుపుకు విడిగా చిన్న టాగుల్ స్విచ్ పెట్టుకోండి, అదీ ఫ్యూజు తర్వాతి లైను నుంచే.

స్పీకర్ల విషయంలో మాకు దెబ్బ తగిలింది. పాత రేడియోల కాలంలో స్పీకర్‌కు ఒక వైరు లాగి, రెండోది బాడీకి కట్టడం అలవాటు. మా రేడియో బిగించినతను అలాగే చేశాడు. పది నిమిషాలు బాగానే పాడింది, తర్వాత డబ్బా చెయ్యి పెట్టలేనంత వేడెక్కి మూగబోయింది. కొత్త రేడియోల్లో స్పీకర్ నెగటివ్ వైరు కూడా ఆంప్లిఫయర్ నుంచే వస్తుంది, దాన్ని ఎర్త్‌కు తాకించకూడదు. ప్రతి స్పీకర్‌కూ రెండేసి వైర్లు రేడియో దాకా లాగాల్సిందే. వాడని స్పీకర్ వైర్లుంటే వాటి కొసలు విడివిడిగా మూసేయండి.

డ్యాష్‌బోర్డ్ కోసే ముందు ఒక్కసారి ఆగండి. కొత్త రేడియోకు సుమారు 182 మిల్లీమీటర్ల వెడల్పు, 53 మిల్లీమీటర్ల ఎత్తు ఖాళీ కావాలి. పాత నాబుల రేడియో ఉన్నచోట అది పట్టదు, రేకు కోయాలంటారు. నేనైతే కోయనివ్వను. పాతది పనిచేయకపోయినా అక్కడే ఉండనిచ్చి, కొత్తదాన్ని డ్యాష్‌బోర్డ్ కింద పట్టీ వేసి వేలాడదీస్తాను. కోసిన రేకు మళ్లీ రాదు.

అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిపెట్టిన రేడియో అయితే ఇంకో తిరకాసు. మా బావ తెచ్చినది ఎంత తిప్పినా హైదరాబాద్ వివిధభారతి 102.8 దగ్గర ఆగలేదు, 102.7 నుంచి 102.9కి దూకింది. అక్కడ ఎఫ్‌ఎం స్టేషన్లన్నీ బేసి అంకెలతోనే ఉంటాయి మరి. మీడియం వేవ్ కూడా అక్కడ పదేసి కిలోహెర్ట్‌జ్‌ల లెక్క, మనది తొమ్మిదేసి. సెట్టింగ్స్‌లో ఏరియా మార్చే వీలుందో లేదో కొనకముందే కనుక్కోమనండి.

ఆన్ చేసే రోజు

అన్నీ కలిపాక బ్యాటరీ కేబుల్ నేరుగా బిగించేయకండి. తలుపులు మూసి, స్విచ్‌లన్నీ ఆపి, ఇండికేటర్ బల్బు ఒకటి తీసుకుని కేబుల్‌కూ టెర్మినల్‌కూ మధ్య కలపండి. బల్బు వెలగకపోతే నిశ్చింతగా బిగించుకోవచ్చు. నిండుగా వెలిగిందంటే ఎక్కడో షార్ట్ ఉంది. వైరు కాలాల్సిన చోట బల్బు వెలిగింది, అంతే.

ఇంజన్ స్టార్ట్ చేశాక టకటకమని లేదా కుయ్‌మని మోత వస్తే ఏరియల్ జాక్ పీకి చూడండి. మోత ఆగితే అది ఏరియల్ గుండా వస్తోంది, ఏరియల్ మొదట్లో తుప్పు గీకి ఎర్త్ గట్టిగా బిగించండి. ఆగకపోతే కరెంటు లైనులోంచి వస్తోంది. ఇంజన్ వేగంతో పాటు పెరిగే టకటకకు కాయిల్ మీద, ఇగ్నిషన్ నుంచి కరెంటు వచ్చే వైపు, మోతను అణిచే ఒక కండెన్సర్ వేస్తారు. డిస్ట్రిబ్యూటర్‌కు పోయే వైపు వేస్తే బండి సరిగా నడవదు. కుయ్‌మనే మోత డైనమోది. దానికైతే కండెన్సర్ లావు టెర్మినల్‌కే, ఎఫ్ అని ఉన్నదానికి పొరపాటున కూడా వద్దు, కటౌట్ (డైనమో చార్జింగ్‌ను అదుపు చేసే డబ్బా) పాడవుతుంది.

సెల్ఫ్ కొట్టినప్పుడు రేడియో ఒక్క క్షణం ఆగితే అది జబ్బు కాదు. వానాకాలం రాత్రి సిగ్నల్ దగ్గర హెడ్‌లైట్లు, వైపర్ రెండూ నడుస్తుండగా ఆగిపోతే మాత్రం బ్యాటరీ దిగుతున్నట్టు. ఐడిలింగ్‌లో డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు. అలాంటప్పుడు ముందు రేడియో ఆపేయండి. బండిని వారాల తరబడి తీయనివాళ్లు బ్యాటరీకి ఒక కటాఫ్ స్విచ్ కూడా పెట్టించుకోవాలి. పసుపు వైరు తాగేది కొంచెమే అయినా రాత్రీపగలూ తాగుతూనే ఉంటుంది. మాది దసరా పూజకు బయటికి తీద్దామంటే హారన్ కూడా మోగలేదు.