పిల్లి ఉప్పు తిండి తిన్నదా? లక్షణం చూసి కారణం పట్టుకోవడం ఇలా

మాది నెల్లూరు జిల్లా కావలి. సంక్రాంతికి డబ్బాల నిండా మురుకులు, ఎండాకాలం మిద్దె మీద ఎండు చేపలు, సాయంత్రం అయితే ఎవరి చేతిలో చూసినా మిక్చర్ పొట్లం. ఇలాంటి ఇళ్లలో పిల్లిని పెంచుకునేవాళ్లకు ఏదో ఒక రోజు ఈ టెన్షన్ తప్పదు: "మన తిండి తినేసింది, ఏమన్నా అవుతుందా?" నాలుగేళ్ల కింద మా బుజ్జి ఉప్పు చేప తిని చావు దాకా వెళ్లి వచ్చింది. అప్పటి నుంచి మా వీధిలో ఎవరి పిల్లి ఏం తిన్నా నన్నే అడుగుతున్నారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్క తెలుసుకోండి

నాలుగైదు కిలోల పిల్లికి రోజుకు కావాల్సిన సోడియం 40 మిల్లీగ్రాముల చిల్లర. ఉప్పుగా లెక్కేస్తే గ్రాములో పదో వంతు, అంటే చిటికెడు కూడా కాదు. నాలుగైదు చిప్స్ ముక్కలతోనే ఆ రోజు కోటా అయిపోతుంది. అయితే కోటా దాటడం వేరు, విషం కావడం వేరు. కుక్కల్లో కిలో బరువుకు 2 గ్రాముల ఉప్పు దగ్గర విష లక్షణాలు మొదలవుతాయని, 4 గ్రాముల దగ్గర ప్రాణం మీదికి వస్తుందని లెక్క. పిల్లులకూ దాదాపు ఇదే కొలత పట్టుకోవచ్చు. అంటే 4 కిలోల పిల్లికి సుమారు 8 గ్రాముల ఉప్పు, చెంచాన్నర. నీళ్లు దొరక్కపోతే ఇంకా తక్కువకే ముప్పు వస్తుంది.

ప్యాకెట్ వెనక సోడియం ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. మామూలు మిక్చర్లో 100 గ్రాములకు రెండు గ్రాముల ఉప్పు ఉందనుకుంటే, పిల్లి 400 గ్రాములు తినాలి. ఏ పిల్లీ అంత తినదు. అదే బాగా ఉప్పు పట్టించిన చేప అయితే బరువులో 10 నుంచి 20 శాతం దాకా ఉప్పే ఉంటుంది. యాభై గ్రాముల ముక్క ఒక్కటి చాలు.

అందుకే నా మాట ఇది: మిక్చర్, చిప్స్ విషయంలో ఉప్పు కంటే అందులో కలిపిన తెల్లగడ్డ (వెల్లుల్లి), ఎర్రగడ్డ (ఉల్లిపాయ) పొడికే ఎక్కువ భయపడాలి. ఉప్పుకు భయపడాల్సింది ఉప్పు చేప దగ్గర, ఊరగాయ ఊట దగ్గర, చల్ల మిరపకాయలు నానబెట్టిన గిన్నె దగ్గర.

లక్షణం: తిన్నది, కానీ మామూలుగానే ఉంది

రెండు మూడు చిప్స్, కాస్త కారప్పూస, నాలుగు ఉప్పు శనగలు తిని ఉంటుంది. మందులేం అక్కర్లేదు. గిన్నెలో తాజా నీళ్లు పెట్టి ఒక పూట గమనించండి. మిగిలిన పొట్లాన్ని మాత్రం పారేయకుండా అందులో ఏమేం కలిశాయో చదవండి. తెల్లగడ్డ, ఎర్రగడ్డ పొడి అని ఉంటే కింద చిగుళ్ల గురించి రాసినదాన్ని వారం రోజులు గుర్తు పెట్టుకోండి. మిక్చర్లో ఎండు ద్రాక్ష ఉంటే అది కూడా తిన్నదేమో చూడండి. ద్రాక్ష కుక్కల కిడ్నీలు పాడు చేస్తుందని తెలిసిన విషయమే, పిల్లికీ దూరంగా ఉంచడమే మంచిది.

లక్షణం: ఒకటి రెండు వాంతులు, పలచటి విరేచనం

చాలాసార్లు ఇది నూనె వల్ల వచ్చేది. వేయించిన సరుకు, పైన కారం పిల్లి కడుపుకు పడవు. ఒక పూట తిండి తగ్గించి, తర్వాత ఉప్పు, పసుపు, కారం ఏమీ వేయకుండా ఉడికించిన కోడి మాంసం కొద్దికొద్దిగా పెట్టండి. పాలు పోయకండి. ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలు అరగవు, విరేచనం ఇంకా పెరుగుతుంది. వాంతులు నాలుగైదు దాటినా, ఒక రోజంతా ఏమీ తినకపోయినా డాక్టరుకు చూపించాలి. పిల్లి ఆకలితో ఎక్కువ రోజులు ఉంటే లివర్ దెబ్బతింటుంది, "లంఖణం పరమౌషధం" దానికి వర్తించదు.

లక్షణం: బకెట్ దగ్గరే నిలబడి తాగుతోంది, నడిస్తే తూలుతోంది

మా బుజ్జికి జరిగింది ఇదే. రోహిణీ కార్తె ఎండలు. తుమ్మలపెంట వైపు నుంచి తెచ్చిన ఉప్పు చేప ముక్కల్ని అమ్మ పాత చీర పరిచి మిద్దె మీద ఆరబెట్టింది. పెళ్లికని అందరం పొద్దున్నే వెళ్లిపోయాం. మధ్యాహ్నానికి పిల్లి గిన్నెలో నీళ్లు ఆవిరైపోయినట్టున్నాయి. సాయంత్రం వచ్చేసరికి చీర మీద రెండు ముక్కలు లేవు. బుజ్జి బాత్రూంలో బకెట్ అంచు మీద ముందు కాళ్లు పెట్టి తాగుతోంది. గడ్డం కింద బొచ్చంతా తడిసి అంటుకుపోయింది. తాగినవి తాగినట్టే కక్కి, మళ్లీ తాగుతోంది. కిందికి దిగి నాలుగు అడుగులు వేసేసరికి వెనక కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. చెవుల చివర్లు సన్నగా అదురుతున్నాయి. పేరు పెట్టి పిలిస్తే నా వైపు చూసింది గానీ చూపు నిలవలేదు.

కారణం ఏమిటంటే, రక్తంలో సోడియం పెరిగితే అది కణాల్లోని నీటిని బయటికి లాగేస్తుంది. మెదడు కణాలు కూడా అలాగే కుంచించుకుపోతాయి. తూలడం, వణకడం, చివరికి ఫిట్స్ అందుకే వస్తాయి. దాహం వేయడం శరీరం చేసుకునే మొదటి వైద్యం. ఆ సమయంలో నీళ్లు అందుబాటులో ఉంటే చాలా పిల్లులు గట్టెక్కుతాయి. మా ఇంట్లో అవి లేకపోవడమే ముప్పు తెచ్చింది.

ఇంకా తూలకుండా, దాహంగా మాత్రమే ఉన్న పిల్లికి నీళ్లు ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా, పావుగంటకోసారి పెట్టండి, డాక్టరుకు ఫోన్ చేయండి. తూలడం మొదలైతే ఇంట్లో ఇంకేం చేయొద్దు. నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒక గుడ్డ పరిచిన బుట్టలో పడుకోబెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏం తిన్నదో, ఎంత తిన్నదో, ఎన్ని గంటలైందో చెప్పండి, వీలైతే మిగిలిన ముక్క కూడా చూపించండి.

ఆ రోజు పక్కింటి అవ్వ పరుగెత్తుకొచ్చి, "ఉప్పు నీళ్లు తాపితే కక్కేస్తుంది అమ్మాయ్, గ్లాసులో కలిపి తెస్తా ఉండు" అంది. ఆమెకు బుజ్జి అంటే ప్రాణం. అయినా దయచేసి ఈ పని ఎవరూ చేయకండి. పిల్లి ఏం తిన్నా సరే, వాంతి చేయించడానికి ఉప్పు నీళ్లు తాపకూడదు. ఉప్పు ఎక్కువై బాధపడుతున్నదానికి మళ్లీ ఉప్పు ఎక్కించడమే అవుతుంది. అసలు ఏమీ కాని పిల్లికి కూడా దానితోనే విషం ఎక్కొచ్చు. హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వద్దు, పిల్లి కడుపులో పుండ్లు పడి రక్తం వస్తుంది.

ఆసుపత్రిలో బుజ్జికి సెలైన్ రెండు రోజులు చాలా నిదానంగా ఎక్కించారు. నాకు ఓపిక పట్టక, "కాస్త తొందరగా ఎక్కించకూడదా డాక్టరుగారూ?" అని అడిగాను. సోడియం గబుక్కున దించితే కుంచించుకుపోయిన మెదడులోకి నీళ్లు ఒక్కసారిగా చేరి వాపు వస్తుందట. ఆ నిదానమే వైద్యం. మూడో రోజు పొద్దున అది నా చెయ్యి నాకింది.

లక్షణం: మూడు రోజుల తర్వాత నీరసం, చిగుళ్లు పాలిపోవడం

ఇది అందరూ తప్పిపోయే కేసు, ఎందుకంటే తిన్న రోజు ఏమీ కనిపించదు. పిల్లి ఆడుకుంటుంది, తింటుంది, మనం మర్చిపోతాం. రెండు మూడు రోజులకు మూలన పడుకోవడం, గబగబా ఊపిరి పీల్చడం, మూత్రం కాఫీ రంగులో రావడం మొదలవుతాయి.

కారణం తెల్లగడ్డ, ఎర్రగడ్డ. వాటిలోని పదార్థాలు పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. ఉడికించినా, వేయించినా, పొడి కొట్టినా విషం పోదు. పొడి అయితే ఇంకా చిక్కన. ఎర్రగడ్డ కిలో బరువుకు 5 గ్రాములు చేరినా పిల్లి రక్తంలో తేడా కనబడుతుంది. నాలుగు కిలోల పిల్లికి 20 గ్రాములు, మామూలు ఎర్రగడ్డలో ఒక ముక్కే. తెల్లగడ్డ అంతకంటే ఘాటు.

మన జిల్లాలో దీనికి అసలు దారి మిక్చర్ కాదు, చేపల పులుసు అన్నం. పులుసులో ఉడికి కలిసిపోయిన ఎర్రగడ్డ, తెల్లగడ్డ కంటికి కనబడవు. "పిల్లికి చేపలిష్టం కదా" అని పులుసు కలిపిన అన్నం రోజూ పెడతాం. ఒక్కసారి ఎక్కువ తిన్నా, రోజూ కొంచెం కొంచెం తిన్నా నష్టం జరుగుతుంది. నెల్లూరు చేపల పులుసు మనకు ఎంత గొప్పదైనా, పిల్లికి పెట్టాల్సింది పులుసులో వేయకముందు విడిగా తీసి ఉడికించిన ముక్క.

చిగుళ్లు ఇలా చూడండి. పిల్లిని ఒళ్లో పెట్టుకుని పై పెదవిని బొటనవేలితో మెల్లగా ఎత్తండి. కోరపన్ను మీది చిగురు లేత గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. చిగురు సున్నం కొట్టినట్టున్నా, పసుపు పచ్చగా కనిపించినా అదే రోజు రక్త పరీక్ష చేయించాలి. ఆలస్యం చేస్తే రక్తం ఎక్కించాల్సి రావచ్చు. కొన్ని పిల్లుల చిగుళ్ల మీద పుట్టుకతోనే నల్ల మచ్చలుంటాయి, అలాంటి వాటికి కింది కనురెప్ప లోపలి రంగు చూడండి. పిల్లి బాగున్నప్పుడే ఒకసారి చూసి పెట్టుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది.

నీరసంగా ఉంది కదా అని జ్వరం బిళ్ల మాత్రం వేయకండి. పారాసిటమాల్ ఒక్క బిళ్ల పిల్లి ప్రాణం తీస్తుంది. అది కూడా ఈ రక్తకణాలనే దెబ్బకొడుతుంది.

లక్షణం: చొంగ కార్చుకుంటూ ముందు కాలితో నోరు గోక్కోవడం

కారం అయితే పదిహేను, ఇరవై నిమిషాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే ఎండు చేప ముల్లు అంగిట్లో అడ్డంగా ఇరుక్కుని ఉంటుంది. మంచి వెలుతురులో నోరు తెరిచి చూడండి. కనబడి, చేతికి సులువుగా వస్తే తీయండి. గొంతులోకి దిగి ఉంటే మీరు లాగొద్దు, అన్నం ముద్ద మింగించి కిందికి తోయాలనీ చూడొద్దు.

లక్షణం: ఒంటేలుకు కూర్చుని ముక్కుతోంది, చుక్క రావడం లేదు

దీన్ని ఉప్పు వేడి అనుకుని మజ్జిగ పట్టేవాళ్లున్నారు. మగ పిల్లి అయితే మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. ఒక రోజు దాటితే ప్రాణాపాయం. రాత్రయినా సరే డాక్టరును లేపండి.

లక్షణం: ఈ మధ్య ఎప్పుడు చూసినా నీళ్లే తాగుతోంది

ఒక రోజు సంగతి అయితే ఉప్పు. వారాల తరబడి అయితే, ముఖ్యంగా ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లి అయితే, కిడ్నీ జబ్బో షుగరో కావచ్చు. ఆరోగ్యమైన పిల్లికి అప్పుడప్పుడు కాస్త ఉప్పు తగిలినంత మాత్రాన కిడ్నీలు పోవు. కానీ కిడ్నీలు, గుండె అప్పటికే బలహీనపడిన పిల్లికి ఒక్క చిప్స్ ముక్క కూడా ఎందుకు? రక్తం, మూత్రం పరీక్ష చేయించండి.

లక్షణం: కవర్ చప్పుడైతే చాలు, పరుగెత్తుకొస్తుంది

పిల్లి నాలుక తీపిని పట్టలేదు. చిప్స్ దగ్గరికి దాన్ని లాగేది నూనె వాసన, కరకరలాడే ముక్క, అన్నిటికంటే మీరు తినేటప్పుడు దానికి దొరికే పలకరింపు. ఇస్తే అలవాటవుతుంది. సాయంత్రం మీరు తినడానికి కూర్చునే ముందే దాని గిన్నెలో దాని తిండి పెట్టేయండి. పది రోజులు ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉంటే మానుతుంది. పిల్లలకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి, చాటుగా పెట్టేది వాళ్లే. ఖాళీ ప్యాకెట్లు రెండు పక్కలా కత్తిరించి పారేయండి. అడుగున మిగిలిన పొడి కోసం పిల్లి తల దూర్చి, కవరు మూతికి అతుక్కుని ఊపిరాడక చనిపోయే ప్రమాదం ఉంది.

ఎండు చేపే పెట్టాలనుకుంటే ఉప్పు వేయకుండా ఎండబెట్టిన నెత్తళ్లు అడిగి కొనండి. కొనేముందు ఒకటి నాలుకకు తాకించండి, ఉప్పగా ఉంటే అది పిల్లికి కాదు. ఉప్పు చేపను రాత్రంతా నానబెట్టినా ఉప్పు పూర్తిగా దిగదు.

డాక్టరు నంబరు, దగ్గరి పశువుల ఆసుపత్రి నంబరు ఇప్పుడే ఫోన్లో పెట్టుకోండి. ప్రభుత్వ పశువుల అంబులెన్స్ కోసం 1962కు చేయొచ్చు. అవి ప్రధానంగా పశువుల కోసం తిరిగేవే, అయినా దగ్గర్లో డాక్టరు ఎవరున్నారో అడగండి. మా మిద్దె మీద ఇప్పుడు చేపలు దోమతెర కట్టిన నులకమంచం మీదే ఎండుతున్నాయి, మంచం పక్కన నీడలో ఒక మట్టి మూకుడు నిండా నీళ్లు ఉంటాయి. ఊరెళ్లే రోజు ఇంట్లోనూ రెండు చోట్ల పెట్టి, పక్కింటి అవ్వకు తాళం ఇచ్చి వెళ్తాం. మధ్యాహ్నం ఆమె ఒకసారి వచ్చి మూకుడు నింపి, బుజ్జి చిగురు రంగు చూసి నాకు ఫోన్ చేస్తుంది.