చివితా ది బాన్యోరేజో: కొండను చూశాకే ఊరిని చూడండి

ఇటలీలో రోమ్‌కు ఉత్తరాన విటెర్బో జిల్లాలో కొండ మీదున్న పాత ఊరు చివితాకు వచ్చేవాళ్లలో చాలామంది వంతెన దాటి, నాలుగు ఫొటోలు తీసుకుని గంటలో వెనుదిరుగుతారు. ఇంత అందమైన ఊరు ఎందుకు ఖాళీ అయిందో తెలియాలంటే ముందు కొండను చూడాలి, తర్వాతే ఇళ్లను. అందుకు కనీసం మూడు గంటలు పెట్టుకోండి.

రోమ్ నుంచి ఓర్వియెటోకు రైలెక్కండి. అక్కడ స్టేషన్ దగ్గర చివితా పక్క ఊరు బాన్యోరేజోకు కోట్రాల్ అనే ప్రాంతీయ రవాణా సంస్థ బస్సు దొరుకుతుంది. బస్సులు తక్కువ, ఆదివారం అసలు ఉండవు. అందుకే బయల్దేరే ముందే తిరుగు బస్సు టైము చూసి పెట్టుకోండి. ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. బస్సు దిగాక వంతెన దాకా దాదాపు రెండు కిలోమీటర్లు నడవాలి. ఊరు చూడటానికి టికెట్ 5 యూరోలు. 2013లో దీన్ని ఒకటిన్నర యూరోతో మొదలుపెట్టారు. వంతెన చివర ఎక్కుడు బాగా నిటారుగా ఉంటుంది కాబట్టి పెట్టెలు ఓర్వియెటోలోనే వదిలి రావడం మంచిది.

వంతెన మీదికి వెళ్లకముందు బెల్వెడేరే అనే చూపుచోటు దగ్గర ఆగండి. ఎదురుగా కొండ రెండు రంగుల్లో కనిపిస్తుంది. పైన గోధుమరంగు టఫ్ రాయి ఉంటుంది. పాత అగ్నిపర్వతాల బూడిద గట్టిపడి ఏర్పడిన రాయి అది. కింద బూడిదరంగు బంకమన్ను. ఒకప్పుడు అది సముద్రపు అడుగు. వాన నీటికి ఆ మన్ను కోసుకుపోయి, కత్తిఅంచు లాంటి గట్లుగా మిగులుతుంది. వీటిని ఇక్కడివాళ్లు కలాంకి అంటారు. రియో కియారో, రియో తోర్బిదో అనే రెండు వాగులు కొండ పాదాన్ని రెండు వైపులా తొలుస్తుంటాయి. అడుగున మన్ను జారితే పైనున్న టఫ్‌కు ఆధారం పోతుంది. నిలువుగా పగులుతుంది, తర్వాత ఆ ముక్క ఇళ్లతో సహా లోయలో పడుతుంది. ఊరి చరిత్రంతా ఈ ఒక్క కారణం చుట్టూనే తిరుగుతుంది.

సుమారు 2500 ఏళ్ల కిందట ఊరు కట్టిన ఎట్రుస్కన్లకు, అంటే రోమన్లకు ముందు ఈ ప్రాంతంలో ఉన్న జాతివాళ్లకు, ఈ సంగతి తెలుసు. వాన నీరు పోయేందుకు కాలువలు తవ్వారు, వాగులను అదుపులో పెట్టారు. రోమన్లు ఆ పని కొనసాగించారు. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని పట్టించుకోలేదు. 1695 జూన్‌లో వచ్చిన పెద్ద భూకంపం ఊరికి దెబ్బ కొట్టింది. బిషప్, పాలనా కార్యాలయాలు పక్కనే ఉన్న నేటి బాన్యోరేజోకు తరలిపోయాయి, జనమూ వాటి వెంటే కదిలారు. ఇప్పుడు ఏడాది పొడవునా ఉండేవాళ్లు పదిమంది అటూ ఇటూగా ఉంటారు.

ఇప్పుడు వంతెన ఎక్కండి. ఈ కాంక్రీటు వంతెన 1965 నాటిది. పైకి చేరాక వచ్చే శాంతా మరియా ద్వారం దగ్గర తొందరపడొద్దు. దారిని టఫ్‌లోకి తొలిచింది ఎట్రుస్కన్లు, తోరణం మధ్యయుగాల నాటిది. మనిషి తలలను పంజాల కింద నొక్కిపట్టిన రాతి సింహాలు అక్కడున్నాయి. ఓర్వియెటోకు చెందిన మోనల్దెస్కి దొరల మీద ఊరివాళ్లు గెలిచినందుకు గుర్తుగా పెట్టారని చెబుతారు. లోపలికి వెళ్లగానే ఒక పెద్ద భవనపు ముందు గోడ కనిపిస్తుంది. దాని కిటికీల్లోంచి చూస్తే గది ఉండదు, ఆకాశం ఉంటుంది. వెనకున్న భవనమంతా లోయలో పడిపోయింది. పుస్తకాలు పది చదివినా రాని అవగాహన ఈ ఒక్క గోడ ముందు నిలబడితే వస్తుంది.

చౌకులో శాన్ దొనాతో చర్చి ఉంది, ఒకప్పుడు ఇదే బిషప్ పీఠం. లోపలున్న చెక్క సిలువ చూడండి. అక్కడి నుంచి ఊరి రెండో చివరకు దిగితే బుకయోనే అనే సొరంగం లోయ వైపు తీసుకెళ్తుంది. వాన పడ్డాక అటు వెళ్లొద్దు, అడుగు జారుతుంది. మధ్యయుగాల క్రైస్తవ మతపండితుడు పునీత బొనవెంతూరా పుట్టిన ఇల్లు కూడా కొండ అంచుతో పాటే పోయింది, ఆనవాళ్లు మాత్రం మిగిలాయి. ఎక్కడైనా కంచె దాటి అంచుకు వెళ్లకండి. టఫ్ లోపలి పగుళ్లు పైకి కనిపించవు.

అలెమాన్ని భవనంలోని కొండచరియల మ్యూజియాన్ని చివరికి ఉంచుకోండి. అప్పటికి కొండను కళ్లతో చూసి ఉంటారు కాబట్టి, కూలే చరియలను ఎలా కొలుస్తున్నారో, రాతిని ఎలా పట్టి నిలుపుతున్నారో వెంటనే అర్థమవుతుంది. జూన్, సెప్టెంబరు నెలల్లో టోన్నా అనే గాడిదల పందెం జరిగే ఆదివారాల్లో చౌకంతా జనంతో కిక్కిరిసిపోతుంది. గోడలు, గుహలు తీరిగ్గా చూడాలనుకుంటే మామూలు పనిరోజున, పొద్దున్నే వెళ్లండి.