నడిచేవారికి దారి ఇస్తూ బండి నడపడం ఎలా?

హన్మకొండ చౌరస్తాలో సాయంత్రం పూట కాసేపు నిలబడితే, నెత్తిన మూటతో వచ్చిన ఏ ముసలమ్మో చేయి అడ్డంగా చాపి రెండడుగులు వేయడం, హారన్ వినగానే మళ్లీ వెనక్కి తగ్గడం కనిపిస్తుంది. సిగ్నల్ లేని చోట జీబ్రా గీతల దగ్గరికి వచ్చేటప్పుడు బండివారే వేగం తగ్గించి, ఆగి, నడిచేవారికి దారి ఇవ్వాలని 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి అలాంటి చోట హారన్ కొట్టినవారే నిబంధన తప్పినట్టు.

దారి ఇవ్వడం గీతల దగ్గర కాదు, చాలా ముందే మొదలు కావాలి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు ముందుకు పోతుంది. అంటే మనిషిని చూసి బ్రేకు మీద కాలు వేసేలోపే ఆ దూరం గడిచిపోతుంది. అందుకే తెల్ల గీతలు దూరాన కనబడగానే యాక్సిలరేటర్ వదిలి, అద్దంలో వెనుక చూసుకుని, బ్రేకు మెల్లగా నొక్కడం మొదలుపెట్టాలి. ఆగితే వెనుకవాడు గుద్దుతాడని చాలామంది అంటారు. ఆ భయం అబద్ధం కాదు గానీ, అది హఠాత్తుగా ఆగేవారికే ఎక్కువ. ముందే వెలిగిన బ్రేకు లైటును చూసి వెనుకవాడు కూడా తగ్గుతాడు.

ఆగేటప్పుడు బండి ముందు భాగం, జీబ్రా గీతలకు ముందుండే స్టాప్ లైన్ దాటకూడదు. ముందు ట్రాఫిక్ కదలకుండా ఉంటే గీతల మీదికి ఎక్కి నిలబడకుండా, వాటిని ఖాళీగా వదిలి ఇవతలే ఆగాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది పక్క బండి ఆగినప్పుడు దాన్ని దాటి వెళ్లడం. ఒక కారు ఆగి దారి ఇస్తుంది, పిల్లవాడు ధైర్యంగా బయల్దేరతాడు, ఆ కారు చాటు నుంచి బైకు దూసుకొస్తుంది; పిల్లవాడికి బైకు కనబడదు, బైకు నడిపేవారికి పిల్లవాడు కనబడడు. గీతల దగ్గర ఏ బండి ఆగినా, ఎందుకు ఆగిందో తెలియకపోయినా, మీరూ ఆగాలి. ఆగి ఉన్న ఆర్టీసీ బస్సు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం, ఎందుకంటే దిగినవారు తరచుగా బస్సు ముందు నుంచే రోడ్డు దాటుతారు.

ఎడమకు తిరిగేటప్పుడు చాలామంది చూపు కుడివైపు వచ్చే బండ్ల మీదే ఉంటుంది. తిరిగే ముందు ఎడమవైపు దాటుతున్నవారిని మరోసారి చూసుకోవాలి. పచ్చ లైటు పడినా, సగం దాటినవారు అవతలి గట్టుకు చేరేదాకా హారన్ కొట్టకుండా ఆగాలి.

ఊరు దాటాక, నర్సంపేట, పరకాల వైపు దారుల్లో గీతలూ ఉండవు, ఫుట్‌పాత్‌లూ ఉండవు. వరి కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పెట్టి, రైతు కుటుంబాలు అక్కడే తిరుగుతుంటాయి. అలా ఆరబోయడం సరికాదన్నది వేరే మాట. చీకట్లో టార్పాలిన్ కప్పిన కుప్ప, దాని పక్కన వంగి ఉన్న మనిషి దగ్గరికి వచ్చేదాకా కనబడరు. కాబట్టి లైటు వెలుగు పడినంత దూరంలోపే ఆగగల వేగంతో వెళ్లాలి. ఎదురుగా బండి వస్తే లైటు కిందికి దించి, వేగం ఇంకా తగ్గించాలి.