కణంలో ఒత్తిడిని చదవడం: 4వ పాఠం – బ్లాట్ బొమ్మను కింది నుంచి పైకి చూద్దాం

పోయిన పాఠంలో ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ (కణంలో ప్రోటీన్లు మడతపడే చోటు) లోపల ప్రోటీన్లు సరిగ్గా మడతపడకపోతే ఒత్తిడి పుట్టి, ఐఆర్‌ఈ1, పెర్క్, ఏటీఎఫ్6 అనే మూడు కాపలా ప్రోటీన్లు మేలుకుంటాయని తెలుసుకున్నాం. ఆ మేలుకోవడాన్ని పరిశోధన పేపర్‌లో ఎవరి సాయం లేకుండా మీరే పట్టుకోవడం ఈ పాఠం పని. మన విశాఖలో, ఏయూలో గానీ డిగ్రీ కాలేజీల్లో గానీ, లైఫ్ సైన్సెస్ చదివే చాలామంది పేపర్ మొదటి పేరా, చివరి పేరా చూసి ఊరుకుంటారు. వెస్టర్న్ బ్లాట్ (నమూనాలో ఏ ప్రోటీన్ ఎంత ఉందో నల్లటి గీతలుగా చూపే బొమ్మ) కనబడితే టెన్షన్ పడి పేజీ తిప్పేస్తారు. అసలు సాక్ష్యం ఉన్నది ఆ బొమ్మలోనే.

సాధనకు 2004లో సైన్స్ పత్రికలో వచ్చిన పేపర్ తీసుకుందాం. హార్వర్డ్‌లో గోఖాన్ హోతామిస్లిగిల్ బృందం చేసిన పని అది. ఊబకాయం వచ్చిన ఎలుకల కాలేయంలో ఈ ఒత్తిడి ఉందని, ఇన్సులిన్ మాట కణం వినకపోవడానికి దానితో సంబంధం ఉందని చూపించింది. మద్దిలపాలెంలో జెరాక్స్ తీయించుకుంటే సన్నటి బ్యాండ్లు (గీతలు) మాయమైపోతాయి. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో బొమ్మను పెద్దది చేసుకుని చూడండి.

బ్లాట్‌లో నిలువు వరుస ఒక్కొక్కటీ ఒక నమూనా: సన్న ఎలుక, లావు ఎలుక. అడ్డంగా కనిపించే నల్లటి గీత ఒక ప్రోటీన్. అందరి కళ్ళూ పైనున్న నల్లటి గీత మీదికే పోతాయి. మీరు కింది నుంచి మొదలుపెట్టండి. చాలా పేపర్లలో అడుగున, కణాల్లో దాదాపు ఒకే మోతాదులో ఉండే యాక్టిన్ లేదా ట్యూబులిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. రైతుబజారులో కూరగాయలు తూచకముందే ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసినట్టు, ముందు దీన్ని చూడాలి. ఇది అన్ని వరుసల్లోనూ సమానంగా ఉంటేనే పైవాటిని పోల్చవచ్చు. గీతలు మరీ నల్లగా, మసిముద్దలా ఉంటే అనుమానించండి. అలా నిండిపోయిన బ్యాండ్లలో తేడా ఉన్నా కంటికి ఆనదు.

తర్వాత మొత్తం ప్రోటీన్. ఆ తర్వాతే ఫాస్ఫేట్ చేరిన రూపం. పెర్క్, జేఎన్‌కే (ఒత్తిడి కబురు మోసే ప్రోటీన్) లాంటి ప్రోటీన్లు కణంలో ఎప్పుడూ ఉంటాయి. ఒత్తిడి వచ్చినప్పుడు వాటికి ఫాస్ఫేట్ తగులుకుంటుంది. మొత్తం పెర్క్ రెండు ఎలుకల్లోనూ ఒకేలా ఉండి, ఫాస్ఫేట్ ఉన్న పెర్క్ లావు ఎలుకలో పెరిగితే అది కాపలాదారు మేలుకున్న గుర్తు. మొత్తమే పెరిగితే కథ వేరు. జేఎన్‌కేకి 46, 54 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గర రెండు బ్యాండ్లు వస్తాయి, కంగారు పడకండి, రెండూ నిజమే. (ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి ఇచ్చినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఫాస్ఫేట్ గురించి చదివేటప్పుడల్లా ఆయన్ని తలుచుకోవాలనిపిస్తుంది.)

ఐఆర్‌ఈ1 ద్వారా జేఎన్‌కే మేలుకుంటే ఐఆర్‌ఎస్-1 అనే, ఇన్సులిన్ కబురును కణం లోపలికి చేర్చే ప్రోటీన్ మీద సీరీన్ 307 (307వ స్థానంలోని సీరీన్ అనే అమైనో ఆమ్లం) దగ్గర ఫాస్ఫేట్ చేరుతుంది. దాంతో ఇన్సులిన్ కబురు అక్కడే నీరసపడుతుంది. 2004 పేపర్ చూపిన దారి ఇదే.

ఇక్కడే అసలు ప్రశ్న వేయాలి. లావు ఎలుకలో ఒత్తిడి కనబడింది, సరే. షుగర్‌కు అది కారణమా, వెంట వచ్చిన తోడు మాత్రమేనా? ఎంత నల్లగా ఉన్నా గీత దీనికి జవాబు చెప్పదు. ఒత్తిడిని పెంచితే ఏమైంది, తగ్గిస్తే ఏమైంది అని వెతకాలి. అదే పేపర్‌లో ఎక్స్‌బీపీ1 అనే, ఒత్తిడిని తట్టుకోవడానికి కణానికి తోడ్పడే జన్యువు ఒక్క ప్రతి మాత్రమే ఉన్న ఎలుకలకు కొవ్వు తిండి పెడితే, ఇన్సులిన్‌కు లొంగని స్థితి ఎక్కువగా వచ్చింది. 2006లో అదే బృందం 4-పీబీఏ, ట్యూడ్కా అనే రెండు మందులతో, లెప్టిన్ (ఆకలిని తగ్గించే హార్మోన్) లేని లావు ఎలుకల్లో ఒత్తిడి తగ్గించి గ్లూకోజ్‌ను దారికి తెచ్చింది. పెంచితే చెడింది, తగ్గిస్తే బాగుపడింది. కారణం అనడానికి ఇది గట్టి ఆధారం.

మరి మనుషుల్లో? 2010లో ఊబకాయం ఉన్నవారికి నాలుగు వారాలు ట్యూడ్కా ఇచ్చారు. కాలేయంలో, కండరంలో ఇన్సులిన్ పనితీరు సుమారు 30 శాతం మెరుగుపడింది. కానీ కండరంలో, కొవ్వులో కొలిచిన ఒత్తిడి గుర్తులు మారలేదు! మందు పనిచేసిన దారి మనం అనుకున్నదేనా అన్న సందేహం ఈ ఒక్క ఫలితంతో మిగిలిపోయింది. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా విలువైన సమాచారం ఇదే. అందుకే ఇంట్లో షుగర్ ఉన్నవారికి ఎలుకల ఫలితం చూపించి మాత్రలు కొనిపెట్టకండి, మందు సంగతి డాక్టరే చెప్పాలి.

వచ్చే పాఠం లోపు 2004 పేపర్‌లో ఒక బ్లాట్ ఎంచుకోండి. అడుగు గీత, మొత్తం ప్రోటీన్, ఫాస్ఫేట్ రూపం – మూడింటి గురించీ మూడు తెలుగు వాక్యాలు రాయండి. నాలుగో వాక్యంలో ఆ బొమ్మ నిరూపించలేనిది ఏమిటో రాయండి. ఎక్స్‌బీపీ1 ఆర్‌ఎన్‌ఏ నుంచి 26 అక్షరాలు ఎలా తెగిపోతాయో, దాన్ని పీసీఆర్ జెల్ మీద ఎలా గుర్తుపట్టాలో 5వ పాఠంలో చూద్దాం.