టెక్సస్‌లో మీ పిల్లలు మేకను షోకి తీసుకెళ్ళాలంటే

ఫోర్ట్‌వర్త్, శాన్ ఆంటోనియో, హ్యూస్టన్ స్టాక్ షోలు (పెంచిన పశువుల పోటీలు) జనవరి నుంచి మార్చి దాకా వరసగా వస్తాయి. డిసెంబరులో మేకను కొని జనవరిలో రింగులోకి దిగుదామంటే కుదరదు. మా అమ్మాయి మేకను పెంచడం చూసి డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

ముందు సభ్యత్వం. మూడో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా ఫోర్-హెచ్ అనే పిల్లల సంఘం తరఫున పోటీ చేయొచ్చు. అంతకంటే చిన్నవాళ్ళకి అందులోనే క్లోవర్ కిడ్స్ ఉంది గానీ అందులో పోటీలుండవు. హైస్కూల్ పిల్లలు ఎఫ్ఎఫ్ఏ (స్కూల్లో ఉండే వ్యవసాయ విద్యార్థుల సంఘం) నుంచి వెళ్ళాలంటే స్కూల్లో అగ్రికల్చర్ క్లాసు తీసుకోవాలి.

ఇక మేక. చెవికి స్క్రేపీ ట్యాగ్ లేకపోతే బేరం ఎంత బాగున్నా వదిలేయండి. స్క్రేపీ అంటే గొర్రెలకీ మేకలకీ మెదడుకొచ్చే జబ్బు. మార్కెట్ విభాగానికి, అంటే మాంసం మేకల పోటీకి, తీసుకెళ్ళే పోతుకి విత్తులు తీయించి ఉండాలి, పాలపళ్ళు అలాగే ఉండాలి. మా తాతగారు సంతలో నోరు తెరిపించి పళ్ళు చూశాకే ధర మాట్లాడేవారు, ఇక్కడా ఆ పని తప్పదు. ఏడాది దాటాక పెద్దపళ్ళు మొదలవుతాయి కాబట్టి ఫిబ్రవరి షోకైతే అంతకుముందు వసంతంలో పుట్టిన మేకపిల్లను వెతకండి. కొన్న కాగితం మీద పేరు మీది కాదు, మీ పిల్లలది ఉండాలి.

అక్టోబరు చివరిలోగా రాష్ట్ర వాలిడేషన్ (మేకను షోల కోసం నమోదు చేయించడం) అయిపోవాలి. అప్పుడు చెవికి ఇంకో ట్యాగ్ వేస్తారు. ఆ ట్యాగులు ముందే ఆర్డర్ పెట్టాలి కాబట్టి స్కూళ్ళు తెరవగానే కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఏజెంటునో (కౌంటీలో ఫోర్-హెచ్ చూసే వ్యవసాయ అధికారి), అగ్రికల్చర్ టీచరునో కలవండి. పశువుల్ని సరిగ్గా పెంచడం నేర్పే క్వాలిటీ కౌంట్స్ ఆన్‌లైన్ కోర్సు కూడా అప్పుడే పూర్తిచేయించండి. మేకకి ఏ మందు వేసినా తేదీ, మోతాదు రాసిపెట్టాలి. విత్‌డ్రాయల్ గడువు, అంటే మందు ఒంట్లోంచి పోయేందుకు పట్టే కాలం, తీరకుండా షోకి తీసుకెళ్ళకూడదు.

హెచ్ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) ఉన్న ఇళ్ళలో మామూలుగా మేకను ఉంచనివ్వరు. స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ళ బార్న్ (పశువుల పాక) ఉందేమో కనుక్కోండి. ఎక్కడున్నా మేత, నీళ్ళు, నడిపించడం పిల్లలే చూడాలి, రూల్ అదే. సంక్రాంతికి ఇండియా టికెట్లు కొనేముందు ఆలోచించుకోండి.

మార్కుల టెన్షన్ కూడా ఉంది. గ్రేడింగ్ పీరియడ్ చివర ఏదైనా సబ్జెక్టులో 70 కన్నా తగ్గితే, "నో పాస్, నో ప్లే" చట్టం ప్రకారం కనీసం మూడు వారాలు షోలు బంద్. మేక సిద్ధంగా ఉన్నా లాభం లేదు.

అన్నిటికంటే ముందు పిల్లలకి ఒక్కటి చెప్పండి. పెద్ద షోలో మార్కెట్ మేకకి ప్లేస్ వచ్చి వేలానికి వెళ్తే అది ఇంటికి రాదు, కబేళాకి పోతుంది. ఈ సంగతి మేకకి పేరు పెట్టకముందే చెప్పాలి. విని వద్దంటే బ్రీడింగ్ ఆడమేకల విభాగం ఉంది, అవి షో అయ్యాక వెనక్కి వస్తాయి. దాని గడువులు వేరు, డబ్బు కట్టకముందే ఏజెంటును అడగండి.